చివరి బెంచీలో అయ్యగారు

ఒకప్పుడు మా చర్చికి పాస్టరుగా చేసిన అయ్యగారు రిటైరయ్యాక మా ఊరికే వచ్చి ఉండిపోయారు. వచ్చిన మొదటి ఆదివారం మా సంఘ పెద్దలు బలిపీఠానికి పక్కగా ఓ చేతుల కుర్చీ వేసి, దాని మీద ఉతికిన తెల్ల తువ్వాలు పరిచి ఉంచారు. ఆయన గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చారు. కుర్చీ వంక ఒకసారి చూశారు. పెద్దలకి చేతులు జోడించి వందనాలు చెప్పి, మగవాళ్ల వైపు చిట్టచివరి బెంచీలో, కిటికీ పక్కన కూర్చున్నారు. ఇద్దరు పెద్దలు వెళ్లి బతిమాలారు. లేవలేదు.

ఆరాధన అయ్యాక బయట వేపచెట్టు కింద మా నాన్న అడిగారు, "అదేమిటండీ అయ్యగారూ, వాళ్లు చిన్నబుచ్చుకున్నారు కదా" అని.

"నేను ముందు కూర్చుంటే కొత్తయ్యగారు నా మొహం చూసి ప్రసంగం చెప్తారు మాస్టారూ. ఆయన చూడాల్సింది సంఘం మొహం."

ఆ బెంచీలోనే ఆయన చివరిదాకా కూర్చున్నారు. ఇప్పుడు ఆ చోటు ఖాళీ. పండగ రోజుల్లో గుడి కిక్కిరిసిపోయినా ఆ కిటికీ పక్కన ఇంకొకరు కూర్చోవడానికి సంకోచిస్తారు.

మా ఊరు కృష్ణా డెల్టా చివర, బందరు కాలవ నీళ్ల మీద బతికే చిన్న ఊరు. మా గుడి గోడకున్న శంకుస్థాపన రాతి మీద చర్చి మిషనరీ సొసైటీ పేరుంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో బందరుకు వచ్చిన ఇంగ్లీషు మిషనరీల కాలం నాటి పేరు. అయ్యగారు మమ్మల్ని ఆదివారం బడిలో ఆ రాతి ముందు నిలబెట్టి చదివించేవారు. తరవాత గుడి బోర్డు మీదున్న సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అక్షరాలు చూపించి, "రాతి మీద ఒక పేరు, బోర్డు మీద ఇంకో పేరు. ఎందుకో చెప్పండి" అనేవారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్లు కలిసి ఒక్క సంఘమైన సంగతి అలా తెలిసింది మాకు. దేశానికి స్వతంత్రం వచ్చిన ఆరు వారాలకి. "పేరు మారింది గానీ గుడి మారలేదు" అనేవారు ఆయన. పేర్ల గురించి ఆయనకంత పట్టింపు ఎందుకో అప్పట్లో మాకు తెలీదు.

ఆయన మా ఊరికి పాస్టరుగా మొదటిసారి వచ్చింది ఎనభైల్లో. నాకు అప్పటికి ఏడెనిమిదేళ్లు. మా పాస్టరేటు కింద ఊళ్లో గుడి కాక చుట్టుపక్కల పల్లెల్లో చిన్న సంఘాలు ఉండేవి. సైకిలు హ్యాండిల్‌కి చేతిసంచీ, వెనక క్యారేజీ మీద ప్రభుభోజన సంస్కారం సామాన్ల పెట్టె, పెట్టె మీద అడ్డంగా కట్టిన గొడుగు. కాలవ గట్టు మీద ఆ సైకిలు కనిపిస్తే పొలంలో కలుపు తీసే ఆడవాళ్లు నడుం ఎత్తి "వందనాలు అయ్యగారూ" అని కేకేసేవారు. ఆయన ఓ కాలు నేలకి ఆనించి, వాళ్లని పేరుపేరునా పిలిచి ఇంటి క్షేమాలు అడిగి గానీ కదిలేవారు కాదు. ఏ సంఘంలో చూసినా మరియమ్మలే అరడజను మంది ఉంటారు కదా. ఏ మరియమ్మ ఆస్తమా మనిషో, ఏ మరియమ్మ కొడుకు మిలిటరీలో ఉన్నాడో ఆయనకి తికమక ఉండేది కాదు.

అయ్యగారి బంగళా అనేవాళ్లం గానీ, అది వానాకాలం నాలుగు చోట్ల గిన్నెలు పెట్టుకునే పెంకుటిల్లు. జీతం చిన్నది, అదైనా నెలనెలా వచ్చేది కాదు. ఆ ఇల్లు నడిచింది చాలావరకు పిడికెడు బియ్యం మీద. తెలియనివాళ్ల కోసం చెప్తాను. మా ఆడవాళ్లు రోజూ అన్నం వండే ముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఓ పిడికెడు తీసి విడిగా కుండలో వేస్తారు. వారమయ్యాక ఆ బియ్యం గుడికి తెచ్చి కానుకగా పోస్తారు. ఏమీ లేని ఇల్లు కూడా ఆ పిడికెడు ఆపేది కాదు. గుడిలో గోనెసంచీలో అన్ని ఇళ్ల బియ్యం కలిసేవి. పాతవీ, కొత్తవీ, దంపుడువీ, రేషనువీ.

ఓసారి అమ్మగారి వంటింట్లో కూర్చుని చూశాను. ఆ బియ్యం ఒక్క తీరున ఉడకవు. కొత్త బియ్యం మెత్తబడి ముద్దయ్యేసరికి పాత బియ్యం ఇంకా పలుకు మీద ఉంటాయి. అమ్మగారు గరిటెతో నాలుగు మెతుకులు తీసి, రెండు వేళ్ల మధ్య ఒక్కొక్కటే నొక్కి చూస్తున్నారు. ఒకటి నలిగింది, ఒకటి నలగలేదు. "ఎవరింటి బియ్యం వాళ్ల లాగే ఉడుకుతాయమ్మాయ్, ఏం చేస్తాం" అని నవ్వి ఇంకాస్త నీళ్లు చిలకరించి మూత పెట్టారు. వాళ్లింట్లో పాతికేళ్లు అదే అన్నం. నేను ఇవాళ్టికీ అన్నం ఉడికిందో లేదో మెతుకు నొక్కి చూసేటప్పుడు ఆవిడ వేళ్లు కనిపిస్తాయి.

అయ్యగారిలో నాకు అన్నిటికన్నా గుర్తున్నది ఆయన రిజిస్టర్లు రాసే తీరు. బాప్తిస్మాలకి ఒకటి, పెళ్లిళ్లకి ఒకటి, సమాధులకి ఒకటి. మందపాటి అట్టలు, నిలువు గడులు. ఆరాధన అయ్యి అందరూ వెళ్లిపోయాక వస్త్రగదిలో బల్ల దగ్గర కూర్చుని, కలం విదిల్చి, ఓ చిత్తుకాగితం మీద గీత గీసి చూసుకుని, అప్పుడు మొదలుపెట్టేవారు. తేదీ, పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, వృత్తి. 'కూలి' అని రాయాల్సిన చోట ఆయన ఏ కూలో అడిగి మరీ రాసేవారు. నాట్లు వేసే మనిషి, బండి తోలే మనిషి, ఇటుకబట్టీలో పనిచేసే మనిషి. గడిలో పట్టకపోతే అక్షరాలు చిన్నవి చేసేవారు గానీ మాట తగ్గించేవారు కాదు.

ఆ రాత ఎంతమందికి అక్కరకొచ్చిందో. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చినా మా పల్లెల్లో చాలా ఏళ్లపాటు పిల్ల పుడితే పంచాయతీకి వెళ్లి రాయించిన వాళ్లు తక్కువ. ముసలితనంలో పింఛనుకో, ఉద్యోగంలో వయసు తేలడానికో కాగితం అడిగితే, వాళ్లకున్నది గుడి రిజిస్టరులో ఓ వరుస. ఆయన రిటైరై వచ్చాక కూడా జనం ముందు ఆయన దగ్గరికే వెళ్లేవారు. ఏ సంవత్సరం పుస్తకంలో సుమారు ఏ పేజీలో ఉంటుందో చీటీ మీద రాసి, "కొత్తయ్యగారికి చూపించండి, ఆయనే ఇవ్వాలి" అని పంపేవారు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. మా సంఘంలో ఎక్కువమంది పల్లెవాళ్లం, అంటే దళితులం. మాకు రెండేసి పేర్లుంటాయి. బడి రిజిస్టరులో హిందూ పేరు, గుడి రిజిస్టరులో క్రైస్తవ పేరు. నాకూ ఉన్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ కాడంది. తరవాత 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ ఆ తలుపు తీశారు. మాకు తీయలేదు. రాష్ట్రంలో మమ్మల్ని బీసీ-సీలో పెట్టారు, దానికున్నది ఒక శాతం రిజర్వేషన్. మతం మారితే వాడలో మంచినీళ్ల కుళాయి దగ్గర మా వరస మారలేదు, కాగితం మీద మాత్రం మారింది. హాస్టల్ సీటు కోసం, స్కాలర్‌షిప్పు కోసం మా అమ్మానాన్నలు ఏం చేశారో అందరికీ తెలిసిందే. నేను దాన్ని తప్పని ఎప్పటికీ అనను.

ఒకసారి ఉజ్జీవ కూటాలకి బయటినుంచి వచ్చిన ప్రసంగీకుడు పందిట్లో ఆ సంగతే ఎత్తుకున్నారు. రెండు పేర్లవాళ్లని, దేవుడి దగ్గర ఒక మొహం, సర్కారు దగ్గర ఒక మొహం అని గొంతు చించుకుని గద్దించారు. నాకు పన్నెండేళ్లు. చాప మీద కూర్చుని తలెత్తలేకపోయాను. మా అమ్మ చీర కొంగు నోటికడ్డం పెట్టుకుంది. చివర్లో ముగింపు ప్రార్థనకి అయ్యగారు లేచారు. ప్రార్థన చేయబోయి ఆగారు.

"యెషయా గ్రంథం నలభై మూడులో దేవుడు నిన్ను పేరు పెట్టి పిలిచాను అంటాడు. ఏ పేరు పెట్టో అక్కడ రాయలేదు. మన పిల్లలు చదువుకోవాలి. తల దించుకోవద్దమ్మా ఎవరూ" అన్నారు. అంతే, కళ్లు మూసుకుని ప్రార్థనలోకి వెళ్లిపోయారు. వచ్చిన ప్రసంగీకుణ్ణి ఒక్క మాట అనలేదు, రాత్రి భోజనానికి ఇంటికి కూడా తీసుకెళ్లారు. నేను ఇంటర్, డిగ్రీ, ఆ తరవాత ఉద్యోగం, అన్నిటి గుమ్మాల్లోనూ ఆ మాట పట్టుకునే నడిచాను.

ఆయన చేసిన పెళ్లిళ్ల గురించి రాస్తే అదే ఓ పుస్తకం. ఒక్కటి చెప్తాను. క్రైస్తవ వివాహాల చట్టం 1872 నాటిది. దాని ప్రకారం ప్రత్యేక అనుమతి లేకపోతే పెళ్లి ఉదయం ఆరుకీ సాయంత్రం ఏడుకీ మధ్యే జరగాలి. ఒక పెళ్లిలో మగపెళ్లివారి లారీ కాలవ గట్టు మీద దిగబడి, వాళ్లు గుడికి చేరేసరికి ఆరున్నర దాటింది. పెళ్లికొడుకు మోకాళ్ల దాకా బురద. పిల్ల తండ్రి ఏడుస్తూ కాళ్లు కడుక్కోమని బిందె తెస్తున్నాడు. అయ్యగారు గోడ గడియారం చూసి, "బురద తరవాత కడుక్కోవచ్చు, రా నాయనా" అని అలాగే నిలబెట్టి మొదలుపెట్టారు. సంతకాలయ్యేసరికి ఏడుకి ఇంకా నాలుగు నిమిషాలుంది. గుడి మధ్యదారి పొడుగునా ఆ కుర్రాడి బురద పాదాల గుర్తులు. మర్నాడు వాటిని కడిగింది మేమే, ఆదివారం బడి పిల్లలం.

ఆరేడేళ్లకి బదిలీ అయింది. ఆ తరవాత ఇంకో మూడు నాలుగు ఊళ్లు. ప్రతి ఊళ్లో గుడి ఆవరణలో ఓ చెట్టు నాటేవారని, ఏ ఒక్కదాని కాయా తినేదాకా ఆ ఊళ్లో ఉండలేదని అమ్మగారు చెప్పేవారు. రిటైరైతే బంగళా ఖాళీ చేయాలి. సొంత ఇల్లంటూ లేదు. మా ఊళ్లో మా పెద్దమ్మ వాళ్ల వెనక వాటా అద్దెకి తీసుకున్నారు. రెండు ఇనప ట్రంకులు, ఓ సైకిలు, మూడు గోనెసంచుల పుస్తకాలు. నలభై ఏళ్ల సేవకి అంతే సామాను.

రిటైరయ్యాక ఆయన పెట్టుకున్న కట్టడి ఒకటుంది. పెళ్లి గానీ సమాధి గానీ తను చేయరు. ఎవరొచ్చి అడిగినా, "సంఘానికి కాపరి ఒకరే ఉండాలి, ఆయన్ని అడగండి" అనేవారు. ఆ కట్టడి మా ఇంటి మీదికే వచ్చిన రోజు నాకు చాలా కోపం తెప్పించింది. మా నాన్న పోయారు. ఆయనా అయ్యగారూ ప్రాణస్నేహితులు, సాయంత్రం ఒకరి ఇంటికొకరు వెళ్లకుండా ఉన్న రోజు లేదు. నాన్న భూస్థాపన మీరే చేయాలండీ అని చేతులు పట్టుకుని ఏడ్చాను. ఆయన కళ్లూ నిండిపోయాయి. "నేను చేయనమ్మా. పక్కనే ఉంటాను" అన్నారు. ఆ రాత్రంతా మా అరుగు మీద, మంచు కురుస్తున్నా, శవం దగ్గర కూర్చున్నారు. అప్పటికి నాకది చాల్లేదు.

మర్నాడు సమాధుల దొడ్లో కొత్తయ్యగారు భూస్థాపన క్రమం చదువుతున్నారు. చిన్న వయసు, మా ఊరొచ్చి ఆర్నెల్లు కాలేదు. "మన సహోదరుడైన..." అని ఆగారు. చేతిలో కాగితం మీద నాన్న బడి పేరుంది, మాస్టారుగా ఊరంతటికీ తెలిసిన పేరు. అది కాదని ఆయనకి తోచింది, అసలుది తెలీదు. మేం పిల్లలం ఏడుపులో ఉన్నాం, మాకూ గొంతు పెగల్లేదు. ఓ క్షణం ఎవరూ ఏమీ అనలేదు. అప్పుడు జనం వెనకనుంచి అయ్యగారి గొంతు వచ్చింది. నాన్న బాప్తిస్మం పేరు, ఇంటిపేరుతో సహా, నెమ్మదిగా, ఒక్కసారే. కొత్తయ్యగారు ఆ పేరు అందుకుని చదివారు. తల తిప్పి చూస్తే అయ్యగారు అందరి వెనక, గుప్పిట్లో మట్టి పట్టుకుని నిలబడి ఉన్నారు, తన వంతు కోసం.

నా కోపం అక్కడే పోయింది.

ఆయనకి పేర్ల మీద ఆ పట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఆ తరవాత ఓ నవంబరులో తెలిసింది. ఏదో పని మీద మధ్యాహ్నం వాళ్లింటికెళ్తే అన్నం గిన్నె మూత తీయకుండా అలాగే ఉంది. "ఇవాళ ఆయన తినరమ్మా, పంతొమ్మిది" అన్నారు అమ్మగారు. అయ్యగారు లోపల మంచం మీద కూర్చుని ఓ పొడుగు కాగితం చదువుకుంటున్నారు. పైకే చదువుతున్నారు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను.

"స్త్రీ. వయసు సుమారు ముప్పై. ఎడమ చేతికి రెండు ఆకుపచ్చ గాజులు. తుమ్మకంప మీద. మగపిల్లాడు. నాలుగేళ్లు. నిక్కరు మొలతాడుకి కట్టి ఉంది. వృద్ధుడు. కుడి బొటనవేలు లేదు..."

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. ఆ రోజుకి ఆయన అటువైపు పల్లెల్లో పాస్టరు. పెళ్లై రెండేళ్లు. తాటిచెట్టంత ఎత్తున సముద్రం లేచి వచ్చిందని చూసినవాళ్లు చెప్తారు. సొర్లగొంది లాంటి ఊళ్లు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. సర్కారు లెక్కలోనే చనిపోయినవాళ్లు పది వేల దాకా. ఆ దంపతులు గుడి పైకప్పు దూలం పట్టుకుని బతికారు. తెల్లారితే ఆదివారం. "గుడి గంట ఏ ఒండ్రులో కూరుకుపోయిందో. ఆరాధనకి ఎవరొస్తారు? నేనే బయల్దేరాను" అన్నారు ఆయన నాతో.

నీళ్లు తీస్తున్న కొద్దీ కంపల్లో, గట్ల మీద, పశువుల కళేబరాల మధ్య మనుషులు. ఎవరు ఎక్కడివాళ్లో చెప్పేవాళ్లే మిగల్లేదు. రోజు గడిస్తే గుర్తుపట్టడం కష్టం. వలంటీర్లు వచ్చేలోగా, వచ్చాక కూడా, దొరికిన చోటే కాల్చేయడం, పూడ్చేయడం తప్ప గత్యంతరం లేదు. ఆయన బడిలో తడిసిన ఎక్సర్‌సైజు పుస్తకం ఒకటి దొరికితే ఎండబెట్టి, పెన్సిలుతో రాయడం మొదలుపెట్టారు. ఎవరైనా తరవాత వెతుక్కుంటూ వస్తే చెప్పడానికి. ఆయన చేతుల మీదుగా భూస్థాపన అయినవాళ్లలో ముప్పై ఒక్కమందికి పేరు దొరకలేదు.

"సమాధుల రిజిస్టరులో పేరు గడి ఖాళీగా వదలకూడదని మాకు నేర్పారమ్మా. ముప్పై ఒక్క గడులు వదిలేశాను" అన్నారు.

వెతుక్కుంటూ ఎవరైనా వచ్చారా అని అడిగాను. ఇద్దరు వచ్చారట. ఒకామె ఆకుపచ్చ గాజుల వరుస విని, మా చెల్లెలేమో అండీ అందట. మళ్లీ తనే, కాదేమో, దానికి మూడు గాజులుండాలి అందట. ఆ గడి కూడా ఖాళీగానే ఉండిపోయింది. దివిసీమ మళ్లీ లేవడానికి మండలి వెంకట కృష్ణారావు గారు లాంటి పెద్దలు చేసిన సేవ గురించి, కట్టిన ఇళ్ల గురించి, తుపాను షెల్టర్ల గురించి అయ్యగారు ఎంతైనా చెప్పేవారు. ఈ కాగితం గురించి మాత్రం ఆ ఒక్కరోజే.

ఆయన పోయింది ఓ వేసవిలో, నిద్రలో. గుడి పట్టనంత జనం వచ్చారు. ఆయన పనిచేసిన ఊళ్లనుంచి ట్రాక్టర్ల మీద వచ్చారు. ఒక ఊరివాళ్లు ఆయన నాటిన చెట్టు మామిడికాయలు బుట్టెడు తెచ్చి అమ్మగారి ముందు పెట్టారు. కొత్తయ్యగారు రిజిస్టరు రాస్తుంటే నేను పక్కనే ఉన్నాను. వృత్తి గడి దగ్గర 'రిటైర్డ్' అని రాయబోయి, కలం ఆపి, 'సంఘకాపరి' అని రాశారు.

ఆ నవంబరు పంతొమ్మిదిన నేను సెలవు పెట్టి అమ్మగారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ ట్రంకు పెట్టెలోంచి కాగితం తీసి నా చేతికిచ్చారు. మడతల దగ్గర చిరిగి, వెనక ప్లాస్టరు అంటించి ఉంది. "నాకు కళ్లు ఆనవు, నువ్వు చదువమ్మాయ్" అన్నారు. అరుగు మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ఆయన ఆగినట్టే ప్రతి వరుస తరవాతా కాస్త ఆగాను. ఆవిడ కళ్లు మూసుకుని వింటున్నారు. ఇరవై రెండో వరుస దగ్గర చిరుగు అడ్డం వచ్చి అక్షరాలు సరిగ్గా తెలియలేదు.

"ఆడపిల్ల. ఆరేళ్లు. ఎడమ కాలికి కడియం..."

"కుడి కాలికమ్మా" అన్నారు అమ్మగారు కళ్లు తెరవకుండానే. "కుడి కాలికి. మళ్లీ చదువు."